అరువు సాక్ష్యం

లక్డీకాపూల్‌లో డాక్టరు నా కుడి పక్కటెముకల కింద రెండు వేళ్లు పెట్టి నొక్కాడు. అరిచాను.

"ఇంకోసారి ఇలా అయితే నా దగ్గరికి రాకండి. మీ పాస్టరు గారి దగ్గరికి వెళ్లండి, సమాధి దగ్గర పాట ఆయనే పాడతారు," అన్నాడు చేతులు కడుక్కుంటూ. మందుల చీటీ వెనక ఒక అడ్రసు రాశాడు. అమీర్‌పేటలో తాగుడు మానేసినవాళ్లు మంగళవారం సాయంత్రం కూర్చునే గది.

అప్పటికి నేను పంజాగుట్టలో మా సంఘానికి పెద్దను. పదకొండేళ్లుగా ఆరాధనలో మొదటి పాట నేనే ఎత్తుకునేవాణ్ణి. చేతిలో జిప్పున్న తోలు సంచి, అందులో పరిశుద్ధ గ్రంథం, దాని వెనక అరలో క్వార్టరు సీసా. వాసన తెలియకుండా నోట్లో లవంగాలు. డాక్టరు కాక ఈ సంగతి దేవుడికీ మా ఆవిడకూ మాత్రమే తెలుసు.

గది దొరకడానికి మూడు వారాలు పట్టింది. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య అడ్రసు కనిపించలేదని ఇంట్లో చెప్పాను. అబద్ధం. రెండుసార్లు మెట్ల దాకా వెళ్లి, ఎవరైనా చూస్తారేమోనని వెనక్కి వచ్చేశాను.

జిరాక్స్ షాపు మీద గది. గుండ్రంగా ప్లాస్టిక్ కుర్చీలు. నడిపేది రిటైరైన బస్సు కండక్టరు. ఒక్కొక్కరు "నేను తాగుబోతును" అని మొదలుపెట్టి తమ సంగతి చెప్పుకోవాలి. అందరూ చప్పట్లు కొడతారు. విన్నది గది దాటకూడదు. నియమం అదొక్కటే.

నా వంతు వచ్చింది. "నేను దేవుని బిడ్డను. మీ అందరి కోసం ప్రార్థిస్తున్నాను," అన్నాను.

"మంచిదే అన్నా. గని ఈడ పాసులు నడువయ్. అందరు టికెట్ కొనాలె," అన్నాడు కండక్టరు. అందరూ నవ్వారు.

ఒళ్లు మండింది. అయినా మళ్లీ వెళ్లాను. ఎందుకంటే ఆ బుధవారం నేను సీసా మూత తీయలేదు. గురువారమూ తీయలేదు. నా సంగతి ఒక్క ముక్క చెప్పకుండా, వాళ్లవి వింటూనే నేను మానేశాను.

అందరికన్నా బాగా చెప్పేది పక్క సందులో కంప్యూటర్ పాఠాలు చెప్పే సార్.

"పొద్దుగాల మార్కర్ పట్టుకుంటే చెయ్యి వణికేది. గీత వంకర పోయేది. స్టీల్ బాటిల్ల కలుపుకొని పోరగాళ్ల ముంగటనే తాగేటోణ్ణి. సార్‌కు దూప మస్తు అయితది అనుకునేటోళ్లు!"

అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వాడు. మానేసి ఏడు నెలలట.

మా సంఘంలో ఆదివారం సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు తమకు చేసిన మేలు లేచి చెప్పాలి. పెద్ద దగ్గర సాక్ష్యం లేకపోతే అవమానం. ఆ వారం నా దగ్గర ఉన్నది తాగుడు మానేసిన సంగతొక్కటే, అది చెప్పే ధైర్యం లేదు. అందుకని సార్‌ది వాడుకున్నాను. నేను తాగుబోతుల మధ్య పరిచర్య చేస్తున్నానన్నాను. పేరు చెప్పలేదు. మార్కరు చెప్పాను, వణుకు చెప్పాను, అమీర్‌పేట చెప్పాను, స్టీలు బాటిలు చెప్పాను. సంఘమంతా స్తోత్రం అంది.

గురువారం ఒక సహోదరి ఫోన్ చేసింది.

"వందనాలు బ్రదర్! మీ సాక్ష్యం ఎంత మేలు చేసిందో తెలుసా? మా అబ్బాయి బాటిల్ అనగానే గుర్తుపట్టేశాడు. వాళ్ల సారేనంట! సెంటర్ వాళ్లకి మీరు చెప్పారనే చెప్పి, ఆయన్ని తీయించేశాం."

ఏడు నెలల కిందట మానేసిన తాగుడికి ఆయన ఉద్యోగం ఇప్పుడు పోయింది. పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోవాలని ఎన్నిసార్లు బోధించానో. ఎదుటివాడి పాపం మూడోవాడి దగ్గర ఒప్పుకోమని ఎక్కడా రాసి లేదు.

మంగళవారం వెళ్లాను. ఆ గది ఎవరినీ వెళ్లగొట్టదు. సార్ ఇస్త్రీ చొక్కాలో కూర్చున్నాడు.

"నేను తాగుబోతును. ఇయ్యాల ఏం చెప్ప," అన్నాడు మొదటివాడు. రెండోవాడూ అదే మాట. తొమ్మిది మందీ అదే మాట. సార్ కూడా. అయిదు నిమిషాల్లో నా వంతు వచ్చేసింది.

"టైమ్ మస్తున్నది అన్నా. చెప్పు," అన్నాడు కండక్టరు.

నేను తాగుబోతునన్నాను. జిప్పు సంచి, సీసా, లవంగాలు, పక్కటెముకలు, అన్నీ చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

సార్ లేచాడు. "మంచిగ చెప్పినవ్ అన్నా. గిదే ముచ్చట ఆదివారం ఆడ చెప్పు. నాది చెప్పినట్టే, జర గట్టిగ."

ఆదివారం పాస్టరు గారు నా వైపు చూశారు. లేచాను. మూడో వరసలో ఆ సహోదరి చిరునవ్వుతో నన్నే చూస్తోంది. "దేవుడు ఈ వారం కూడా నన్ను కాపాడాడు," అని కూర్చున్నాను. స్తోత్రం అన్నారు.

ఆ తర్వాత ప్రతి మంగళవారం సార్ ఒకే మాట అడిగేవాడు. "చెప్పినవా?" లేదనేవాణ్ణి.

పోయిన మంగళవారం ఆయన వచ్చి నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. చొక్కా నలిగి ఉంది. "చెప్పినవా అన్నా?" అన్నాడు నా మొహంలో మొహం పెట్టి.

ఆయన నోట్లోంచి లవంగాల వాసన గుప్పుమంది.

కండక్టరు తల వంచుకున్నాడు. ఆ వాసనకు అర్థం ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ గదికి దాన్ని నేర్పింది నేనే.