అప్పలకొండమ్మ చూసిన సగం సినిమాలు

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ తాతబ్బాయి లేచి నిలబడితే, ఆయన ఏం అడుగుతాడో మా సంఘంలో పిల్లలకు కూడా తెలుసు. "మా అప్పలకొండమ్మ రక్షణ కోసం పార్దన సెయ్యండి" అని, భార్య ప్రభువుని నమ్ముకోవాలని మనవి చెప్పి, భుజం మీద తువ్వాలు సర్దుకుని కూర్చుంటాడు. ఒకరికి ఉద్యోగం రావాలి, ఒకరికి మోకాళ్ల నొప్పులు తగ్గాలి, ఇంకొకరి ఇంటి స్థలం గొడవ తేలాలి. వారం వారం అందరి మనవులూ మారతాయి, ఆయనది మారదు. నేను పాస్టరుగారి భార్యగా ఈ సంఘానికి వచ్చిన మొదటి ఆదివారం విన్న మనవినే జుట్టు నెరిసేదాకా వింటూ వచ్చాను. నిజం చెప్పొద్దూ, మొదట్లో విసుగొచ్చేది కూడా.

మా మందిరం అనకాపల్లి దాటి కశింకోట వెళ్లే దారిలో ఉంది. పైన రేకులు, నాలుగు ఫ్యాన్లు, అందులో ఒకటి తిరగడం తిరగకపోవడం దాని ఇష్టం. చెరుకు లారీలు రోడ్డు మీద హారన్ కొట్టుకుంటూ పోతుంటే ప్రసంగం వినపడదని, వాక్యం మొదలవగానే తలుపులు మూసేయిస్తారు ధనరాజ్‌గారు. ఆయన సంఘపెద్ద, రిటైరైన మాస్టారు. పద్ధతి ప్రకారం నడవనిదేదీ ఆయనకు గిట్టదు. ఆ లెక్కన తాతబ్బాయి ఆయనకు బొత్తిగా గిట్టకూడదు.

తాతబ్బాయి ఊళ్లో ఒక సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. ఆ హాలు ఇప్పుడు లేదు, దాన్ని పడగొట్టి కల్యాణ మండపం కట్టారు. ఆయన మారిన కథ నా పెళ్లికి ముందుది, మా ఆయన చెప్పగా విన్నాను. అప్పట్లో పొద్దున్నే మొదలుపెట్టి రాత్రికి కూడా ఆపని తాగుడట. ఒక గుడ్‌ఫ్రైడేకి హాలువాళ్లు యేసుప్రభువు కథ వేశారు. గేటు దగ్గర నిలబడి ఆఖరి రీలు చూశాడు. సిలువ మీద ప్రభువు పక్కన వేలాడుతున్న దొంగ నన్ను గుర్తుపెట్టుకోమని అడగడం, ప్రభువు వాడిని తనతోపాటు స్వర్గానికి, పరదైసుకి రమ్మనడం చూశాడు. మర్నాడు తాగకుండా మా ఆయన దగ్గరికి వచ్చాడు.

"ఆ దొంగోడికి టికెట్టు లేదు కదా అయ్యగోరూ? ఆకరి రీల్లో వచ్చేడు. మరి ఆడినెలా ఒగ్గీసేరు లోపలికి?" అని అడిగాడట.

అంత మంచి ప్రశ్న బైబిలు కాలేజీలో కూడా ఎవరూ అడగలేదంటారు మా ఆయన. తాతబ్బాయి ఆ తర్వాత మళ్లీ తాగలేదు. బాప్తిస్మం తీసుకున్నాడు. గేటు ఉద్యోగం మాత్రం మానలేదు. హాలు మూతపడ్డాక బెల్లం మార్కెట్లో ఒక షావుకారు గోదాముకి కాపలా కుదిరాడు.

సండేస్కూలు పిల్లలకు ఆయనంటే పిచ్చి. "గేటు తాతా, ఈ వారం ఏ సినిమా?" అని మీద పడేవారు. బైబిలు కథలన్నీ ఆయనకి సినిమాలే. బాప్తిస్మమిచ్చే యోహాను, హీరో రాకముందు ఊరంతా తిరిగి హీరో గొప్ప చెప్పే స్నేహితుడు. యూదా, హీరో ఇంట్లో అన్నం తిని విలన్‌కి ఫోను చేసేవాడు. ధనరాజ్‌గారు ఇది విని, "మందిరంలో సినిమాలేటండి అయ్యగారూ?" అని మండిపడ్డారు. "ప్రభువు జాలర్లకి చేపల కథ చెప్పేడు, రైతులకి విత్తనాల కథ చెప్పేడు. మనూరి పిల్లలకి ఏ కథ చెప్పమంటారు?" అన్నారు మా ఆయన. అప్పటికి ఆ గొడవ సద్దుమణిగింది.

అన్నిటికంటే పిల్లలకు నచ్చింది ఇంటర్వెల్ పాఠం. "విలన్ గెలిచేడు, హీరోని కొట్టి పడీసేడు, లైట్లు వేసీసేరు. అయిపోయిందని ఎవడైనా ఇంటికెల్లిపోతాడేటర్రా? ఎల్లడు. ఎందుకూ? అది ఇంటర్వెల్లు. సుక్రవారం సిలువెక్కడం ఇంటర్వెల్లు, ఆదివారం సమాదిలోంచి లేవడం సెకండాఫు" అనేవాడు.

"శనివారం ఏటి తాతా?" అని అడిగాడు లోహిత్ అనే గడుగ్గాయి.

"సెనివారం సమోసాలు" అన్నాడు తాతబ్బాయి. పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు. నేనూ నవ్వాను, ధనరాజ్‌గారు చూడకుండా.

ఆ లోహిత్ తల్లి కాన్సరుతో పోయింది. సమాధుల తోటలో వాడు ఎవరి దగ్గరికీ రాకుండా మట్టి కుప్ప పక్కన కూర్చున్నాడు. తాతబ్బాయి వెళ్లి వాడి పక్కన చతికిలబడ్డాడు. "ఇది ఇంటర్వెల్లు నాయనా. మీ యమ్మ బయటికెల్లింది, అంతే. సీటు మీద తువ్వాలేసే ఎల్లింది. ఆ సీట్లో ఇంకెవరూ కూసోరు" అన్నాడు. వాడు అప్పుడు ఏడ్చాడు. ఆ రోజు మా ఆయన చేసిన ప్రసంగం నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఆ తర్వాత మా సంఘంలో ఎవరింట్లో చావు జరిగినా ఆ మాటే చెప్పుకునేవాళ్లం.

ఇక అప్పలకొండమ్మ సంగతి. ఆయనకీ ఆవిడకీ పిల్లల్లేరు. రూపాయి కాసంత బొట్టు, ముక్కుకి రెండు వైపులా పుడకలు, కొత్త అమావాస్యకి నూకాలమ్మ గుడిలో తెల్లవారేసరికే ఉండే మనిషి. హాలు నడిచిన రోజుల్లో దాని ఆవరణలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్మేది. ఇంటర్వెల్‌లోనే బేరం. బెల్లు కొట్టి జనం లోపలికి పోయాక, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చి నిలబడేది. తాతబ్బాయి కర్టెన్ పక్కకి తీసేవాడు. ఆవిడ లోపలికి వెళ్లి గోడకి ఆనుకుని మిగతా సినిమా చూసేది. అలా ఎన్నో ఏళ్లు ఊళ్లోకి వచ్చిన ప్రతి సినిమా చూసింది, సగం నుంచి.

మొదటి సగం ఇంటి దగ్గర అన్నం తింటూ తాతబ్బాయి చెప్పేవాడు. "అందుకేటి ఆడలా ఏడిసేడు!" అని ఆవిడ అప్పుడు ముక్కు మీద వేలేసుకునేది. ఏడుపు ముందు చూసేది, ఎందుకో ఇంటికెళ్లి తెలుసుకునేది. ఇద్దరూ ఈ కథ చెబుతుంటే నాకు వాళ్ల మీద అసూయ పుట్టేది. మా ఆయన నాకు ఏ కథా అలా చెప్పలేదు.

మందిరం దగ్గరా అదే తంతు. తాతబ్బాయికి కళ్లు సరిగా ఆనడం మానేశాక, ఆయన్ని ఇంటికి తీసుకెళ్లడానికి ఆవిడ వచ్చేది. ప్రసంగం అయిపోయి ధనరాజ్‌గారు తలుపులు తీయించే వేళకి మా గేటు దగ్గర ఎండలో కొంగు నెత్తిన వేసుకుని నిలబడి ఉండేది. కడవరి పాట, దీవెన ప్రార్థన బయటి నుంచే వినేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. ఒకసారి నేను చెయ్యి పట్టుకుని లాగాను.

"ఆయన తాగుడు మానాలని నాను మొక్కింది నూకాలమ్మకి. మాన్పించింది మీ యేసుబాబు. ఆలిద్దరూ మాటాడుకునే సేసుంటారు. ఇప్పుడు నాను అమ్మని ఒగ్గీసి వత్తే బాగుంటాదా, మీరే సెప్పండి అమ్మగోరూ" అంది.

బోలెడు వాక్యాలు తెలిసినదాన్ని, చెయ్యి వదిలేశాను. ఆవిడ నా చేతిలో కాగితం పొట్లం పెట్టింది. వేరుశెనక్కాయలు ఇంకా వేడిగా ఉన్నాయి.

మొన్న వానాకాలంలో అప్పలకొండమ్మ పెరట్లో గిన్నెలు తోముతూ తోముతూ ఒరిగిపోయింది. విశాఖ తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

బుచ్చయ్యపేట నుంచి ఆవిడ పుట్టింటివాళ్లు వచ్చారు. ఆవిడని వాళ్ల పద్ధతిలోనే సాగనంపాలన్నారు. న్యాయమే. ఆవిడ మా మనిషి కాదు, మా సమాధుల తోటలో పెడతామని అడిగే హక్కు మాకూ లేదు. శారదా నది ఒడ్డున చితి పేర్చారు. ఆవిడ మేనల్లుడు త్రినాధరావు కాగడా పట్టుకుని వచ్చి, "మావయ్యా, నిప్పు నువ్వెడతావా, నన్నెట్టమంటావా?" అని అడిగాడు.

తాతబ్బాయి మా ఆయన వైపు చూశాడు. మా ఆయన తలదించుకున్నారు. పెట్టమనడానికీ నోరు రాలేదు, వద్దనడానికీ రాలేదు. తాతబ్బాయి "నువ్వెట్రా నాయనా" అన్నాడు. అని, ఎటు నిలబడాలో తెలియక, వాళ్లవాళ్లకీ మాకూ మధ్య ఇసుకలో ఒక్కడే నిలబడ్డాడు. ఆ మనిషిని అలా చూసి నాకు దేవుడి మీద కోపం వచ్చింది. పాస్టరు భార్యకి రాకూడదంటారు. వచ్చింది.

ఆ రోజు మా సంఘంలో ఒక్కరు కూడా ఆయన పక్కన చతికిలబడి, ఇది ఇంటర్వెల్ అని చెప్పలేదు. ఎలా చెబుతాం? చెబితే సెకండాఫ్‌లో ఆవిడ ఉంటుందని కూడా చెప్పాలి. బాప్తిస్మం లేదు, ఒప్పుకోలు లేదు, చివరిదాకా బొట్టు చెరపలేదు. మా పద్ధతి ప్రకారం ఆ మాట చెప్పగలిగినవాళ్లు అక్కడ లేరు. లోహిత్ ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నాడు. వాడొక్కడు వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

తర్వాతి ఆదివారం తాతబ్బాయి మందిరానికి వచ్చాడు. మనవులు చెప్పుకునే వేళయింది. ఒకరు ఉద్యోగమన్నారు, ఒకరు మోకాళ్లన్నారు. తాతబ్బాయి లేచాడు.

"మా అప్పలకొండమ్మ రక్షణ కోసం పార్దన సెయ్యండి" అన్నాడు.

అలవాటుగా అన్నాడేమో అనుకున్నాను. కానీ ఆయన కూర్చోలేదు. ముందు బెంచీని పట్టుకుని నిలబడే ఉన్నాడు.

ధనరాజ్‌గారు లేచి ఆయన దగ్గరికి వచ్చారు. ఆయన కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి, అబద్ధం చెప్పకూడదు. "తాతబ్బాయ్, బతికున్నన్నాళ్లూ సేసేం కదయ్యా. పోయినోళ్ల కోసం సెయ్యడం మన పద్ధతి కాదు. నీకు తెలీనిదేటి?" అన్నారు.

"తెలుసు బాబూ. దానికి టికెట్టు లేదు. అదీ తెలుసు" అన్నాడు తాతబ్బాయి. "ఇంటర్వెల్లు అయిపోయేక గేటు కాడ టికెట్టు ఎవరూ అడగరండి. ఏ హాల్లోనైనా అంతే. మరి అక్కడ అడుగుతారేటో అని..."

"దొంగ కూడా నోరు తెరిచి అడిగేడు కదయ్యా. ఆవిడ అడగలేదు" అన్నారు ధనరాజ్‌గారు. ఎంత మెల్లగా అన్నా అందరికీ వినపడింది.

తాతబ్బాయి తలూపాడు.

"అడగలేదు బాబూ. నన్నూ ఎప్పుడూ అడగలేదు. బుట్ట సంకనెట్టుకొచ్చి తలుపు కాడ నిలబడీది. నానే కర్టెన్ తీసీవోడిని." తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, కాసేపటికి తీశాడు. "సీటు కూడా వద్దండి దానికి. నిలబడే సూత్తాది. అలవాటే."

ధనరాజ్‌గారు ఆయన పక్కనే బెంచీ మీద కూర్చుండిపోయారు.

మా ఆయన ప్రార్థన మొదలుపెట్టారు. ఉద్యోగం కోసం చేశారు, మోకాళ్ల కోసం చేశారు, స్థలం గొడవ కోసం చేశారు. తర్వాత "ప్రభువా, అప్పలకొండమ్మ" అన్నారు. అని ఆగిపోయారు. రక్షించు అనలేరు. నీ దగ్గర ఉంది అనలేరు. లేదని అసలే అనలేరు. పైన ఆ ఫ్యాను కిర్రుమంటోంది, రోడ్డు మీద లారీ పోయింది, మేమంతా తలలు వంచుకుని ఎదురుచూశాం. ఎంతసేపటికీ ఆ పేరు తర్వాత ఇంకో మాట రాలేదు. చివరికి ఆమెన్ అన్నారు. ఎప్పుడూ గట్టిగా ఆమెన్ చెప్పే మా సంఘం ఆ రోజు ఏడుస్తూ చెప్పింది.

ఇంటికి వచ్చాక మా ఆయన అన్నం ముట్టలేదు. "నాకు తెలీదే" అన్నారు నాతో. ఇన్నేళ్ల కాపురంలో దేవుడి విషయంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

ఇప్పుడు తాతబ్బాయి మనవి చెప్పడు. ఎవరూ మానమనలేదు, ఆయనే మానేశాడు. ప్రసంగం అయ్యేదాకా తన చోట కూర్చుంటాడు. కడవరి పాట మొదలవగానే లేచి, బెంచీలు తడుముకుంటూ వెనక్కి వెళ్లి, తెరిచి ఉన్న తలుపు రెక్క మూసుకోకుండా దానికి వీపు ఆనించి నిలబడతాడు. పాట అయిపోయి, దీవెన అయిపోయి, జనం చెప్పులు వేసుకుని ఆటోలెక్కి వెళ్లిపోతారు. ఆయన అక్కడే ఉంటాడు. ఆయన్ని ఇంటి దగ్గర దింపడానికి లోహిత్ బండి తెచ్చుకుని బయట ఆగుతాడు. తొందర చెయ్యడు.

పోయిన ఆదివారం తాళాలు పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లాను. తాతబ్బాయి గేటు వైపు తిరిగి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు.

"నాకు ఆనట్లేదు అమ్మగోరూ. గేటు కాడ ఎవరైనా నిలబడ్డారేటండి?" అన్నాడు.

చూశాను. ఎవరూ లేరు. అబద్ధం చెప్పాలనిపించింది.

"లేరు తాతబ్బాయిగారూ" అన్నాను.

"అయితే ఇంకాసేపు తలుపు ఏసెయ్యకండి" అన్నాడు.