గుంతలో పలికే ఇంగ్లీషు

మా వదిన ఇంగ్లీషు మాటలన్నీ మగ్గం మీదే నేర్చింది. మగ్గం కింది గుంతలోకి కాళ్లు దించి, కింది పలక తొక్కుతూ ఫోనులో పాఠం పలికినట్టే మాట పలికేది, పోగు చుట్టిన నాడెను అటూ ఇటూ విసురుతూ అర్థం చెప్పేది. ఆమె నేసిన చీర కడితే ఎవరికైనా ఇంగ్లీషు వచ్చేస్తుందని నేను గద్వాలంతా చాటాను.

మోకాళ్లు అరిగి వదిన ఇక రోజంతా నేయలేకపోయింది. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లకు చీరల గురించి ఇంగ్లీషులో చెప్పే మనిషి కావాలని చీరల దుకాణం సేటు అంటే, వదినకు తోడు వెళ్లాను.

సేటు చీర పరిచి, "చెప్పమ్మా" అన్నాడు. వదిన నిలబడి కుడికాలితో నేలను తొక్కింది. మళ్లీ తొక్కింది. ఒక్క మాటా రాలేదు. సేటు చీర మడిచేశాడు.

ఇంటికొచ్చి మగ్గంలో కూర్చుని పలక తొక్కిందో లేదో, అంచు, కొంగు, జరీ అన్నీ ఇంగ్లీషులో గడగడా చెప్పేసింది. నాకు ఒళ్లు మండింది.

"గీ మాటలు గాడ ఏమైనయి వదినా?"

"కాలు ఆడితేనే నోరు ఆడుతున్నది తమ్మీ. నన్నేం జేయమంటవు?"

వెంటనే సేటుకు ఫోను కలిపి ఆమె ముందు పెట్టాను. వదిన ఆపకుండా చెప్పింది.

"మగ్గం చప్పుడు తప్ప ఏం ఇనవడ్తలేదు" అని సేటు పెట్టేశాడు.