అమ్మ దాచుకున్న కబురు

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో, పై అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని తన కష్టమేదో చెప్పుకుని, "ప్రార్థన చేయండి ఆంటీ, కానీ ఎవరితోనూ అనకండి" అంది. సరేనమ్మా అని ఇంట్లోకొచ్చి కూర్చున్నానే గాని, మనసు మాత్రం మాదాపూర్‌లో మేం కిరాయికున్న పాత పోర్షన్‌లోకి, మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

అప్పటికి ఇన్ని అద్దాల మేడలు లేవు. బండరాళ్ళ మధ్య నుంచి వేసిన కొత్త రోడ్డు మీద నేను ఆఫీసు బస్సెక్కి ఉద్యోగానికి వెళ్ళొస్తుంటే, గుంటూరు వైపు నుంచి మాతో వచ్చేసిన అమ్మ మా చిన్న సంఘంలో స్త్రీల ప్రార్థన నడిపేది. అమ్మ మోకరించిందంటే కళ్ళు తడవనివాళ్ళు ఉండేవారు కాదు. ఆ కన్నీళ్ళతోపాటు ఎవరింటి గుట్టు ఎంత బయటపడుతోందో మాత్రం మేమెవరమూ పట్టించుకోలేదు, మా వదిన వంతు వచ్చేదాకా.

వదినకు తొలి కడుపు నిలవలేదు. ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియకూడదనుకుంది. ఆ వారమే అమ్మ స్త్రీల ప్రార్థన కూడికలో ఆమె పేరు పెట్టి ఏడుస్తూ ప్రార్థించింది. ఆదివారం చర్చి మెట్ల మీద ఆడవాళ్ళంతా చుట్టూ చేరి ఓదారుస్తుంటే వదిన ముఖం ఎలా పాలిపోయిందో నాకిప్పటికీ గుర్తే. ఆ తర్వాత ఆమె చర్చికి రావడం మానేసింది, అత్తగారితో మాటా తగ్గించేసింది. అమ్మేమో, ప్రార్థనేగా చేయించానని తనే నొచ్చుకుంది.

అప్పుడొచ్చింది మూసాపేట పెద్దమ్మ. చుట్టం కాదు, సంఘంలో అందరికంటే పెద్దావిడ. ఓ మధ్యాహ్నం మా వంటింట్లో పీట వాల్చుకుని, వదినను పక్కన కూర్చోబెట్టుకుని, అమ్మను సూటిగా అడిగింది.

"చెల్లె, నువ్వు దేవునికి చెప్తున్నవా, ఊరికి చెప్తున్నవా?"

"మంచికే చెప్పాను అక్కా."

"మంచికే గని, ఈ పిల్లను అడిగినవా?"

అన్నాళ్ళూ బిగబట్టుకున్న వదిన ఒక్కసారిగా భోరుమంది. ఆ ఏడుపు విన్నాకే కాబోలు, పెద్దమ్మ పెట్టిన షరతుకు అమ్మ తలొంచింది. ఇకమీదట వారం వారం ఆవిడ వచ్చి, ఎవరి సంగతి ఎక్కడ మాట్లాడావని వదిన ముందే అడగాలి, అమ్మ దాచకుండా చెప్పాలి. కోడలి ఎదుట అలా సంజాయిషీ చెప్పుకోవడానికి ఒప్పుకున్న అత్తగారిని నేను మరొకరిని చూడలేదు.

మొదట్లో అమ్మ మాట దాటేసేది, చిరాకు పడేది, పెద్దమ్మ వెళ్ళాక గిన్నెలు ఎత్తి పడేసేది. రాను రాను, అడగకముందే తనే చెప్పడం మొదలుపెట్టింది. ఒకనాడు కూడికలో లేచి నిలబడి, కోడలి దుఃఖం నాది కాదు, దాన్ని మీ ముందు పోసే హక్కు నాకు లేదు, ఏడిస్తే నన్ను మీరంతా మెచ్చుకుంటారన్న ఆశ కూడా నాలో ఉండేది, దేవుడు నన్ను క్షమించాలి అని చెప్పింది. నేను వెనక వరుసలో ఉన్నాను. సిగ్గుపడాల్సిన చోట నా గుండె గర్వంతో ఉప్పొంగింది. ఆ పై ఆదివారం వదిన వచ్చి అమ్మ పక్కనే కూర్చుంది.

వదిన మళ్ళీ నెల తప్పినప్పుడు, అన్నయ్య తర్వాత ఆ కబురు ముందుగా చెప్పింది అమ్మకే. అమ్మ నాన్నతో అనలేదు, నాతో అనలేదు, పెరట్లో ఒంటరిగా కూర్చుని ప్రార్థించుకునేది. వదిన కడుపు కనపడ్డాకే నాకు తెలిసింది. ఎందుకు చెప్పలేదని నేను అలిగితే, అది అమ్మాయి చెప్పాల్సిన మాట కదే అని నవ్వేసింది.

అమ్మా, పెద్దమ్మా ఇద్దరూ ఇప్పుడు లేరు. ఇప్పటి సంఘాల్లో పాటలు శ్రావ్యంగా ఉంటాయి, హాళ్ళు చల్లగా ఉంటాయి, అందరం పలకరించుకుని ఎవరి కార్లలో వాళ్ళం ఇళ్ళకొచ్చేస్తాం. మన వంటింట్లోకొచ్చి, ఈ వారం నీ నోరెట్లుంది చెల్లె అని అడిగే చనువు మాత్రం ఒకరికొకరం ఇచ్చుకోవడం లేదు. ఇన్నేళ్ళు వచ్చాయి, నేనూ ఎవరికీ ఇవ్వలేదు.