పైకాలువలో సున్నా

ముందు వినిపించేది హోరు. నరసరావుపేటలో ఆ ప్రైవేటు కాలేజీ మెట్లెక్కుతుంటే, మూసిన తలుపు వెనక తేనెపట్టు కదిలినట్టు ఫ్యాన్ల హోరు. తలుపు తీస్తే ఏసీ చలి. ఆ చలిలో ఒక సర్వరు, దాని ముందు మఫ్లరు చుట్టుకున్న త్రికోటేశ్వరరావు. నూజెండ్ల మనిషి. పదిహేనేళ్లుగా ఆ యంత్రం మంచిచెడ్డలన్నీ ఆయనవే.

ఒక ఉదయం పరీక్ష మధ్యలో నలభై రెండు స్క్రీన్లు ఒక్కసారే బిగుసుకుపోయాయి. రాసిన జవాబులు పోయాయి. ప్రిన్సిపాల్ పరుగున వచ్చాడు. అందరూ చూస్తుండగా త్రికోటేశ్వరరావు ల్యాబ్ చూసుకునే రుక్సానా వైపు వేలు చూపాడు.

"ఈ రుక్సానానే సార్. పిల్లకాయలు వీడియోలు తెరుస్తుంటే చూస్తా ఊరుకుంది."

"లేదు సార్, ఒక్కరు కూడా..."

"నువ్వాగమ్మా. నా పనిలో తప్పు జరగదు."

మధ్యాహ్నానికి ఆమెను ల్యాబ్ నుంచి తీసేసి మెట్ల కింద హాజరు బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

అన్నం తిన్నాక ఆయన తాను రాసిన ఫైలు తెరిచాడు. సర్వరు మెమరీని గుంపులుగా పంచింది ఆయనే. ఒక పక్క కెమెరాల గుంపు, ఇంకో పక్క కాలేజీ గుంపు, దాని లోపల పరీక్ష అనే పిల్ల గుంపు. మెమరీకి కరువొస్తే సిస్టం ఒకరి దగ్గర లాక్కుని ఇంకొకరికి ఇస్తుంది. పరీక్ష దగ్గర మాత్రం నాలుగు జీబీ ముట్టుకోవద్దని రాసిపెట్టాడు. ఆ రాత అలాగే ఉంది. దాని పైన, కాలేజీ గుంపు ఎదురుగా, కాపుదల అంకె సున్నా.

పై గుంపుకు కాపుదల లేకపోతే లోపలి గుంపుకు ఇచ్చిన మాట చెల్లదు. కెమెరాల రికార్డింగు ఉబ్బేసరికి సిస్టం కాలేజీ వాటాలో చెయ్యి పెట్టి, పరీక్ష పేజీలన్నీ నత్తనడక నడిచే డిస్కు మీదికి తోసేసింది; స్క్రీన్లు బిగుసుకుపోయింది అందుకే.

ఆయనకు నాన్న గుర్తొచ్చాడు. వాళ్ల పొలం సాగర్ కాలువ చిట్టచివర. ఎండిన పిల్లకాలువలో వాటా కాగితం పట్టుకుని నాన్న అనేవాడు: "పైన మేజరు కాలువకే నీళ్లు వదల్లేదు, కింద మన మైనరు కాలువకు ఇంతని రాసుకుంటే ఏందిరా లాభం?" నీళ్లు రానప్పుడల్లా ఊరంతా కలిసి తూము తిప్పే లస్కరును తిట్టేది. చిన్నప్పుడు తనూ తిట్టాడు.

ఆ ఫైలు చదవగలిగినవాళ్లు కాలేజీలో ఇంకెవరూ లేరు. సున్నా చెరిపి నాలుగు పెట్టాడు. అంతటితో అయిపోయేదే. కానీ రుక్సానా మీద వేసిన నింద మాత్రం అలాగే ఉంది.

సాయంత్రం మెట్ల కిందికి దిగాడు.

"ఏంది సార్," రుక్సానా తలెత్తకుండానే అంది, "ఈ రిజిస్టర్లో కూడా వీడియోలు తెరవనిచ్చానా?"

"తప్పు నాదమ్మా."

"నాకెందుకు చెప్తారు? నేను చెయ్యలేదని నాకు పొద్దున్నే తెలుసు. ఎవరి ముందు అన్నారో వాళ్ల ముందు చెప్పండి."

మర్నాడు మళ్లీ పరీక్ష. ప్రిన్సిపాల్ ముందు, నలభై రెండు మంది ముందు, మఫ్లరు తీసి చేతిలో పట్టుకుని సున్నా సంగతి చెప్పాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. రుక్సానా నవ్వలేదు. ల్యాబ్ తాళాలు తీసుకుని వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

ఏడాదైంది. ల్యాబ్ గుమ్మం ఎంత ఎత్తున్నా, దాన్ని దాటేటప్పుడు ఆయన తల వంచుతాడు. ఇదంతా రాసేటప్పుడు మీ పేరు మార్చమంటారా అని నేను అడిగితే, తల అడ్డంగా ఊపాడు.

"వద్దండి. ఆవిణ్ణి అన్నప్పుడు పేరు పెట్టే అన్నాను. నాదీ పేరు పెట్టే రాయండి."