కేకల పరీక్ష పెట్టిన మేడమ్ గారు

మేడమ్ గారు ఇక లేరు. ఈ కబురు నాకు తాడేపల్లిగూడెంలో, సువార్త కూటానికి వేసిన పందిట్లో, మైకు సరిచూసుకుంటూ ఉండగా అందింది. ఫోను చేసింది రజియా. మేడమ్ గారి దగ్గర నర్సింగ్ డిగ్రీ చదివి, ఇప్పుడు ఏలూరులో ఒక ఆస్పత్రి క్యాజువాలిటీలో నర్సుగా ఉన్న అమ్మాయి.

"బ్రదర్ గారండీ, మేడమ్ గారు పోయారండి. గుండె ఆగిపోయిందండి. మా దగ్గరికి తెచ్చేసరికే అయిపోయిందండి."

ఏడవకుండా చెప్పింది. అలా చెప్పడం ఆవిడ దగ్గరే నేర్చుకుంది.

నరకాగ్ని గురించి గొంతు చించుకుని చెప్పే మనిషిని నేను. బడి ఐదో తరగతితో ఆగిపోయింది కానీ గ్రంథం నా చంకలోంచి దిగదు. ఏ వీధి మొగలో నిలబెట్టినా పూటంతా ఆగకుండా చెప్పగలను. అలాంటివాడికి ఆ పూట మైకు ముందు ఒక్క మాట పెగల్లేదు. కూటం పెట్టినవాళ్ళకి దణ్ణం పెట్టి ఏలూరు బస్సెక్కాను.

ఆవిడ వట్లూరు వైపున్న ఒక నర్సింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్. ఊళ్ళో అందరికీ మేడమ్ గారే. పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. పరిచయం కలిగింది నా మైకు వల్ల. కాలేజీ వెనక ఖాళీ స్థలంలో మేం కూటం పెట్టాం. ఒక సాయంత్రం చిన్న మనిషి, నుదుట కుంకుమ, భుజాన గుడ్డ సంచి, జనం మధ్యలోంచి తిన్నగా స్టేజీ దగ్గరికి వచ్చేశారు.

"ఏవండీ, మా పిల్లలకి రేపు పరీక్షండి. కాస్త తగ్గిస్తారా?"

"దేవుడి మాటకి గొంతు తగ్గించమంటారా!" అని మీదికి లేచాను.

ఆవిడ కదల్లేదు. నన్ను కింద నుంచి పైకి చూసి, "మెడ మీద నరం భలే ఉబ్బుతోందండీ మీకు. బీపీ చూపించుకున్నారా ఎప్పుడైనా?" అన్నారు.

మర్నాడు చూపించుకున్నాను. ఉంది. ఆవిడ పంపిన డాక్టరు గారి మాత్రలే ఈనాటికీ వేసుకుంటున్నాను. నాకు ప్రాణం పోసినవాళ్ళలో ఆవిడ ఒకరని ఎన్ని కూటాల్లో చెప్పానో.

ఎవరి ఇంటికి వెళ్ళినా గుమ్మంలో ఒక క్షణం ఆగి చుట్టూ చూసేవారు. "తలుపులు ఎటున్నాయో ముందు చూసుకోవాలమ్మా, తరవాతే పేషెంటుని చూడాలి" అని పిల్లలకి చెప్పీ చెప్పీ ఆవిడకే అలవాటైపోయింది. పిల్లలు నమస్కారం పెడితే ఆ చేతులు పట్టుకుని గోళ్ళు చూసేవారు. గోరు పెరిగితే సంచిలోంచి కత్తెర తీసి అక్కడికక్కడే కత్తిరించేవారు. పెళ్ళి పందిట్లో కూడా! కోపం వస్తే గొంతు ఇంకా తగ్గేది. ఆవిడ మెల్లగా మాట్లాడుతుంటే కాలేజీ అంతా వణికేది.

ఇప్పుడు రక్తం గురించి చెప్పాలి. ఆ రక్తం లేకుండా ఆవిడ సంగతి అర్థం కాదు.

కలిదిండి అవతల ఒక చేపల చెరువు గట్టు మీద అన్నదమ్ముల కొడుకులు కొట్టుకున్నారు. తూము ఎత్తి ఎవరు ముందు నీళ్ళు పెట్టుకోవాలన్నది తగాదా. గ్రంథంలో అన్న తమ్ముణ్ణి పొలంలో పడగొట్టి చంపిన ఆ మొదటి హత్య దగ్గర్నుంచి మనిషి ఏం మారాడు? అప్పుడు పొలం, ఇప్పుడు చెరువు! చేపలు కోసే కత్తులు తీశారు. పడవలు తోసే గెడలతో బుర్రలు పగలగొట్టుకున్నారు. ఒకడి ముంజేయి ఎముక కనిపించేలా తెగింది. రెండు పక్షాల వాళ్ళనీ వేరు వేరు ఆటోల్లో తెచ్చి ఏలూరులో ఒకే క్యాజువాలిటీలో పడేశారు.

రజియా అప్పుడు మూడో సంవత్సరం. అక్కడ పోస్టింగ్. తెగిన చేతిని రెండు చేతులా అదిమి పట్టుకుని ఉంది. అవతలి పక్షంవాడు మంచం మీది మనిషిని చంపెయ్యాలని సెలైన్ స్టాండు పెరికి విసిరాడు. అది ఈ పిల్ల దవడకి తగిలింది. దవడ ఎముక విరిగింది. అయినా చేతులు తియ్యలేదట. రెండో దెబ్బ పడేలోపల, పిల్లల పని చూడ్డానికి వచ్చి ఉన్న మేడమ్ గారు ఆ గుంపులోకి దూరి, పిల్లని జడ పట్టుకుని బల్ల కిందకి లాగేశారు. ఆ దెబ్బ బల్ల మీద పడి చెక్క చీలింది.

కబురు విని నేను వెళ్ళేసరికి నేలంతా ఎరుపు. ఆయా బకెట్టుతో నీళ్ళు కొడుతోంది. పోలీసులు పట్టుకున్నవాళ్ళలో సగంమంది నా కూటాల్లో చేతులెత్తి పాడినవాళ్ళే. ఏ మైకులో ఏం చెప్పానో, ఎవడి చెవికి ఏం ఎక్కిందో!

సరిగ్గా ఆ రోజుల్లోనే నర్సింగ్ డిగ్రీకి ఏమేం తప్పనిసరిగా ఉండాలో మారుస్తున్నామనీ, మీ అభిప్రాయం పంపమనీ యూనివర్సిటీ వాళ్ళు కాలేజీలని అడిగారు. కాలేజీ నడిపే కరస్పాండెంట్ గారు మీటింగు పెట్టి, క్యాజువాలిటీ పోస్టింగ్ తీసెయ్యమని రాద్దామన్నారు. ఆ పనంతా ల్యాబులో బొమ్మ మీద నేర్పితే సరిపోతుందన్నారు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. రజియా వాళ్ళ నాన్న ఏలూరులో టైలరు. మెడలో టేపుతోనే వచ్చాడు, టీసీ ఇచ్చెయ్యమని.

"మా పిల్ల నర్సు అవ్వకపోయినా పర్లేదండి. నోట్లో పళ్ళుంటే చాలండి."

మేడమ్ గారు ఆయనకి కుర్చీ వేయించారు. తరవాత అందరివైపూ తిరిగి మెల్లగా అన్నారు. "బొమ్మ తిరగబడదు కదండీ. బొమ్మ దగ్గర నేర్చుకున్న పిల్ల ఉద్యోగంలో చేరిన మొదటి వారమే తల పగలగొట్టించుకుంటుంది. అప్పుడు నేను పక్కన ఉండను. వచ్చే మీటింగు దాకా ఆగండి. ఒకటి చూపిస్తాను. నచ్చకపోతే తీసేద్దురుగాని, నేనే సంతకం పెడతాను."

రజియా నాన్న కూడా అందాకా ఆగుతానన్నాడు.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చారు. గుమ్మంలో ఆగి చూసి, లోపలికి వచ్చి, "బ్రదర్ గారూ, మీ గొంతు నాకు కావాలండి" అన్నారు.

నేను పేషెంటు తాలూకు మనిషినని వచ్చి, నర్సు పిల్లల మీద విరుచుకుపడాలి. వాళ్ళు ఆ అరుపుల మధ్యే కట్టు కట్టాలి. అదీ పరీక్ష.

"నేను దైవసేవకుణ్ణండీ. ఆడపిల్లల్ని బూతులెలా తిట్టమంటారు?"

"బూతులొద్దండీ. నరకం గురించి చెప్తారు చూడండి, అలాగే చెప్పండి. అదే ఎక్కువ."

వెళ్ళాను. ల్యాబులో మంచం మీద ఒక పిల్ల చేతికి ఎర్రరంగు పూసుకుని పడుకుంది. నేను తలుపు తన్ని లోపలికి వచ్చి ఒక్క కేక వేసేసరికి మొదటి అమ్మాయి కళ్ళు తిరిగి పడింది. రెండో అమ్మాయి "సారీ అండీ, సారీ అండీ" అంటూ కట్టు తన చేతికే చుట్టుకుంది. మూడోది రజియా. దవడ అప్పుడప్పుడే అతుక్కుంటోంది. నేను గర్జించాను. ఇనప స్టూలు ఆ పిల్ల తలమీదికి ఎత్తి పట్టుకున్నాను. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి కానీ వేళ్ళు ఆగలేదు. కట్టు పూర్తి చేసి ముడి వేసింది. నాకు ఒళ్ళు పులకరించింది. స్టూలు దించి "స్తోత్రం!" అని అరిచాను.

"ఫెయిల్" అన్నారు మేడమ్ గారు.

నాకు మండింది. "ఫెయిలా? ఇంతకంటే ఓర్పు ఎక్కడుందండీ? ఒక చెంప మీద కొడితే రెండోది చూపించమని ప్రభువే చెప్పాడు!"

"రెండో చెంప మీరు చూపించండి బ్రదర్ గారూ. ఈ పిల్లకి మొదటిదే ఇంకా మానలేదు." రజియా వైపు తిరిగారు. "స్టూలు నీ తలమీద ఉంది. తలుపు అటుంది. పేషెంటు ఇటుంది. నోరు విప్పలేదు, బెల్లు కొట్టలేదు, అడుగు జరగలేదు. నీ తల పగిలాక ఆ మనిషికి కట్టు ఎవరు కడతారమ్మా? ఓర్చుకున్నందుకు నా దగ్గర మార్కుల్లేవు."

గుమ్మం దగ్గర వాళ్ళ నాన్న టేపు వేలికి చుట్టుకుంటూ విన్నాడు.

ఎన్నేళ్ళుగానో చెబుతున్న వాక్యం ఆ రాత్రి మళ్ళీ తీసి చదివాను. చెంప చూపించమన్నది కొట్టించుకున్నవాడితో. అంతేకాని, పక్కనున్న పిల్ల చెంప మనం చూపించమని ఎక్కడా లేదు. నాకు వేదాంతం నేర్పిన గురువు లేడంటాను కానీ, ఉన్నారు. ఆవిడే.

తరవాతి మీటింగు రోజున కరస్పాండెంట్ గారూ, తల్లిదండ్రులూ ల్యాబులో గోడ వారన నిలబడ్డారు. నేను వచ్చి పడ్డాను. రజియా ఒక చెయ్యి గాయం మీదే ఉంచి, ఆ దవడతోనే ఎలుగెత్తింది. "ఏవండీ! వెనక్కి జరగండి! మీ మనిషికి రక్తం ఆపుతున్నాను! అరిస్తే ఆగదండి, నేను పట్టుకుంటే ఆగుతుంది!" నిజం చెబుతున్నాను, నా అడుగు దానంతటదే వెనక్కి పడింది. సర్దుకుని స్టూలెత్తాను. ఆ పిల్ల చేతికందిన స్టీలు ట్రే నా మొహాన విసిరికొట్టి, చక్రాల మంచం లాక్కుని పక్కగదిలోకి పోయి గడియ వేసేసింది. బెల్లు గణగణ మోగింది.

నా నుదురు చీలింది. ఈసారి రంగు కాదు.

తలుపు కాస్త తెరుచుకుంది. దూది పట్టుకుని రజియా వచ్చింది. "కూర్చోండి. మళ్ళీ లేచారంటే మళ్ళీ కొడతానండి."

గోడ వారన నవ్వులు. కరస్పాండెంట్ గారు మాత్రం నవ్వలేదు. "ఇది రౌడీ చదువా మేడమ్?"

"కాదండీ. రౌడీలున్న ఊళ్ళో చదువు. ట్రే విసరడం సిలబస్‌లో పెట్టం లెండి. మిగతాదంతా పెడదాం."

ఆ రోజే యూనివర్సిటీకి రాశారు. క్యాజువాలిటీ పోస్టింగ్ ఉంటుంది. కేకల పరీక్ష పాసైతేనే పంపాలి. ఏ పిల్లనీ ఒంటరిగా పంపకూడదు. పైవాళ్ళు ఏం చేశారో నాకు తెలియదు కానీ, ఆ కాలేజీలో ఆ నియమం నిలబడింది. కట్టు కట్టించుకుంటున్న నా దగ్గరికి రజియా నాన్న వచ్చి, నుదుటి మీద ముడి పరీక్షగా చూశాడు. "కుట్టు పని తెలిసిన చెయ్యేనండి" అన్నాడు. టీసీ మాట మళ్ళీ ఎత్తలేదు.

అప్పట్నుంచి ఏటా వెళ్ళి అరిచి వచ్చేవాణ్ణి. పిల్లలు నాకు సాతాను అంకుల్ అని పేరు పెట్టారు. మేడమ్ గారు చివరి పిల్ల పాసయ్యేదాకా ఉండి, నాకు కాఫీ ఇప్పించి, బీపీ చూసి పంపేవారు.

ఆ రోజు బస్సు దిగి క్యాజువాలిటీకి వెళ్ళేసరికి ఆవిడ మూల మంచం మీద ఉన్నారు, దుప్పటి మెడదాకా. పక్కన ఆవిడ తమ్ముడు. జంగారెడ్డిగూడెం నుంచి చూడ్డానికి వచ్చి, ఆయనే ఆటోలో తెచ్చాడు. రాయిలా కూర్చుని ఉన్నాడు. రజియా దగ్గరికి వచ్చి, మేడమ్ గారి చేతి గాజులు తీసి ఆయనకి అప్పగించబోయింది. ఆ గాజుల చప్పుడుకి మనిషి లేచాడు.

"మా అక్క నాతో మాట్లాడుతూ వచ్చింది! మీరే చంపేశారు!"

మందుల బీరువా అద్దం మీద గుద్దాడు. అద్దం భళ్ళున కూలింది. అరచెయ్యి రక్తం కారుతోంది. ఆ చేత్తోనే స్టూలందుకున్నాడు. ఆపుదామని నేను నోరు తెరిచాను. రజియా నావైపు చూడకుండానే చెయ్యెత్తి వద్దంది. పక్కనున్న చిన్న నర్సుని తలుపు బయటికి తోసేసింది. మంచానికి ఇవతల, తలుపుకి దగ్గరగా నిలబడింది.

"ఏవండీ, అది కింద పెట్టండి. అక్కగారు పడుకున్న చోటండి ఇది. మీ చెయ్యి తెగింది. పెట్టండి, చూస్తాను."

ఆయన తన అరచేతి వంక చూసుకున్నాడు. స్టూలు జారి నేల మీద పడింది. ఆయనా దాని పక్కనే కూలబడ్డాడు.

రజియా ట్రే తెచ్చుకుని ఆయన ఎదురుగా గచ్చు మీదే కూర్చుంది. ఆ అరచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, పట్టకారుతో అద్దం పెంకులు తీయడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ ట్రేలో టింగుమంటోంది. ఆయన మంచం కోడు పట్టుకుని పసివాడిలా వెక్కుతున్నాడు. ఆ పిల్ల కళ్ళ నీళ్ళు ఆయన మణికట్టు మీద పడుతున్నాయి. తుడుచుకోవడానికి రెండు చేతులూ ఖాళీ లేవు.

"నొప్పమ్మా."

"తెలుసండి. ఇంకొకటుందండి లోపల. చెయ్యి బిగించకండి."