పాత పైపుకు నా బొటనవేలు

ఆ రోజుల్లో మా సిద్దిపేటలో ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు దానికి బొట్టు పెట్టేవాళ్లం, ఎలా వాడాలో తర్వాత కనుక్కునేవాళ్లం. సైకిలు, కుక్కరు, చివరికి గోడ గడియారం కూడా పసుపు కుంకుమలు పూసుకున్నాకే పనిలోకి దిగేవి. అందుకే గ్యాసు సిలిండరు వచ్చిన రోజున అవ్వ పొద్దున్నే తలస్నానం చేసి, కొబ్బరికాయ, కర్పూరం సిద్ధం చేసి, వాడకట్టు ఆడవాళ్లందరినీ చాయకు పిలిచింది. అంతకుముందు మాకు గోబర్ గ్యాసు ఉండేది. బర్రెలు అమ్మేశాక అది మూలపడింది. పెరట్లో డ్రమ్ము, అక్కడి నుంచి వంటింట్లోకి వచ్చే ఇనుప పైపు మాత్రం మిగిలాయి. మిస్త్రీ చాచా పాత పొయ్యి ఊడదీసి కొత్తది బిగించాడు. నోరు తెరుచుకున్న ఆ పైపును నాకు చూపించి, "బేటీ, దీనికి మూత తెస్త, బజారుకు పోతున్న. నేనొచ్చేదాక గీడ అగ్గి ముట్టియ్యకుండ్రి" అని వెళ్లాడు. నాకే ఎందుకు చెప్పాడంటే, నేను డిగ్రీలో రసాయనశాస్త్రం చదువుతున్నాను. (ఆ సంగతి ఆయన అడగకముందే చెప్పేశాను.)

చాచా మలుపు తిరిగాడో లేదో, అవ్వ హారతి పళ్లెంతో వచ్చింది. వెనుక అరడజను మంది.

"అవ్వా, అగ్గిపుల్ల గీయకు! పైపుల గ్యాసున్నది, ఇల్లు లేస్తది!"

ఎదురింటి చిన్నమ్మ పైపులోకి తొంగిచూసి, "ఏం కనవడ్తలేదు గదనే" అంది.

"మంచి గడియ దాటిపోతది, జరుగు పోరీ" అని అవ్వ అగ్గిపెట్టె తెరిచింది. ఇక ఆలోచించలేదు. బొటనవేలు పైపు నోట్లో దూర్చేసి, "అందరు బయటికి పోండ్రి! నేను పట్టుకుంట!" అని అరిచాను. ఎవరూ కదల్లేదు. "రేపు పెండ్లి కుదిరితే పైపుతోనే పంపాల్నా?" అని చిన్నమ్మ అడిగితే అందరూ పడీపడీ నవ్వారు. అవ్వ మాత్రం నా మొహం చూసి అగ్గిపెట్టెను కొంగులో ముడేసుకుంది.

చాచా వచ్చేసరికి నా చెయ్యి మొద్దుబారిపోయింది.

"ఏంది బేటీ, ఏలు ఇరికిందా?"

సంగతంతా చెప్పాను. ఆయన గోడకు ఆనుకుని కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "డ్రమ్ము కాడ వాల్వు బంద్ జేసి, గా కొసను విప్పే పోయిన. లోపల మిగిలిన గ్యాసు పోవాల్నని గీ నోరు తెరిచి పెట్టిన. నువ్వేమో అది పోకుంట కావలి గాస్తున్నవ్!"

నేను వేలు తీశాక, కిటికీలన్నీ తెరిచి ఇంకో అరగంట అందరూ చాయ లేకుండా కూర్చోవాల్సి వచ్చింది. తర్వాత చాచా మరలకు తెల్లటి టేపు చుట్టి, మూతను పానాతో గట్టిగా బిగించి, సిలిండరు అతుకుల మీద సబ్బు నురుగు పూసి చూశాడు. ఆయన మొత్తుకోవడంతో అవ్వ నాలుగడుగుల దూరం నుంచే సిలిండరుకు హారతి ఇచ్చింది. అదే పళ్లెం నా బొటనవేలి ముందు కూడా ఒకసారి తిప్పింది.

ఇప్పుడు నా పాపను పడుకోబెట్టాక కూడా మూడుసార్లు లేచి రెగ్యులేటరు చూసుకుంటాను. ఇవాళ అలాంటి పైపే ఎదురైతే, పాపను చంకనేసుకుని గజ్వేల్ దాకా ఆగకుండా ఉరుకుతాను. ఆనాడు పైపుకు వేలు అడ్డుపెట్టిన ఆ పిల్లకు రసాయనశాస్త్రం ఎంత వచ్చో ఇప్పుడు నాకు బాగా తెలుసు. కానీ అందరినీ బయటికి పొమ్మన్నదే, తనూ పోవచ్చన్న ఆలోచన ఒక్కసారైనా ఎందుకు రాలేదో మాత్రం ఎంత నవ్వుకున్నా అంతుపట్టదు.