వదిన సర్దుడు

మా వదినకి ఇల్లు సర్దడం చేతకాదని మా అమ్మ ఊరంతా చాటింది. అబద్ధమేం కాదు. ఉతికిన బట్టలు కుర్చీలోంచి అల్మరాలోకి వెళ్లిన రోజు నేనెరగను. కానీ ఆవిడకి జీతమిచ్చేదే సర్దడానికి. నేను అంబులెన్సు నడిపే ఆఫీసులోనే ఆవిడ డేటాబేస్ చూసుకుంటుంది.

అందులో పాతది చెరిపితే పోదట. పైగా "ఇది చెరిపాం" అని ఇంకో గుర్తు చేరుతుందట. అప్పుడప్పుడు పనికొచ్చేవన్నీ ఏరి కొత్తచోట రాసి, పాత కుప్ప పారెయ్యాలి. దానికేదో పెద్ద పేరుంది, వదిన మాత్రం సర్దుడు అంటుంది. హడావిడిగా సర్దితే మా కంప్యూటర్ తెరలు నత్తనడక నడుస్తాయి. మధ్యలో ఆపితే పాతదీ కొత్తదీ రెండూ ఉండిపోయి చోటు నిండిపోతుంది. నిండితే కొత్తగా వచ్చే ఫోన్ల వివరాలు నమోదు కావు. అందుకే ఆవిడ పొయ్యి మీద పాలని కనిపెట్టుకున్నట్టు, రోజూ కొంచెం కొంచెం సర్దుతుంది.

ఒక రోజు పొద్దున వదిన పన్ను పీకించుకోవడానికి వెళ్లింది. మా మేనేజరుని తొందరయ్య అంటాం, ఊరికే అనం. చోటు తగ్గిపోతోందని కంగారుపడి పాత ట్రిప్పులన్నీ చెరిపించాడు. గుర్తులు గుట్టలుగా చేరి, ఉన్న చోటూ తగ్గింది. దాంతో సర్దుడు పూర్తి వేగంతో పెట్టించాడు.

వదిన మొద్దుబారిన దవడతో పరుగున వచ్చేసరికి నేను రోడ్డు మీదున్నాను. గుండెనొప్పి కేసు. ఏ పేటో వచ్చింది, ఇంటి అడ్రసు రాలేదు. బండిలోని తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఆఫీసులో ఫోన్లు తీసే అమ్మాయికీ అదే చక్రం.

వదినకి ఫోన్ చేశాను. సర్దుడు వేగం తగ్గించానంది, కాసేపు ఓపిక పట్టమంది. నాకు ఒళ్లు మండింది.

"ఓపిక నాకుంటే సరిపోతుందా వదినా? అక్కడ పడి ఉన్నాయనకి ఉండొద్దూ? ఆపెయ్."

"ఇప్పుడాపితే చోటు చాలదు."

"ముందు ఆపు."

కీబోర్డు చప్పుడు వినిపించింది. అడ్రసు వచ్చేసింది.

ఆయన బతికాడు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. సాయంత్రం గాల్లో తేలుతూ ఇంటికొచ్చి, భోజనాల దగ్గర అందరి ముందూ వదినని ఆకాశానికెత్తేశాను. అమ్మ కూడా నోరారా కోడల్ని మెచ్చుకుంది. వదిన మాత్రం మెతుకు ముట్టలేదు. పంటి నొప్పేమో అనుకున్నాం.

"నీకు అడ్రసు వచ్చాక చోటు నిండిపోయింది," అంది చివరికి. "అప్పుడే ఒక ఫోనొచ్చింది. ఫోన్లు తీసే అమ్మాయి వివరాలన్నీ కొట్టింది. నంబరుతో సహా ఏదీ ఎక్కలేదు. తనకి వీధి గుర్తులేదు, ఏడుస్తున్న గొంతే గుర్తుంది."

"మళ్లీ చేసుంటారులే వదినా."

"ఎందుకు చేస్తారు? బండి బయల్దేరిందని చెప్పాం కదా."